కుడి పక్క దీపం

దేవుడి ముందు నిలబడినప్పుడు నేను రెండు కళ్లూ మూయను. మా అన్న మనవరాళ్లు ఇది కనిపెట్టి, అవ్వ అమ్మవారికి కాపలా కాస్తోందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మొన్న మా వీధి గుడిలో ఒక పెద్దమనిషి ప్రవచనం చెబుతూ, అనుమానం దూరిన చోట భక్తి నిలవదని, ప్రశ్నలు వేసే నోటికి ప్రసాదం వంటబట్టదని అన్నాడు. కూర్చున్నవాళ్లందరూ తలలూపారు. నేను నా చాప చుట్టుకుని లేచి వచ్చేశాను. ఆయనకు మా నాయన సంగతి తెలియదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. కానీ తలూపే ఓపిక నాకు లేదు. అనుమానపడ్డాను కాబట్టే నా బతుకు నా చేతిలో మిగిలింది. అనుమానపడ్డాడు కాబట్టే మా నాయన నాకు మిగిలాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రెండు మూడేళ్ల నాటి మాట ఇది. మాది ఎమ్మిగనూరు, నేతపని చేసే ఇల్లు. మా వీధిలో ఇంటికొక మగ్గం ఉండేది, కొన్ని ఇళ్లలో రెండు. తెల్లారితే గంజి వాసన, పడుగు మధ్య నూలు మోసుకుని నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు. మగవాళ్లు మగ్గం గుంతలోకి కాళ్లు దించి కూర్చుని నేసేవాళ్లు. ఆడవాళ్లం రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేవాళ్లం, పడుగు పరిచి గంజి పెట్టేవాళ్లం, తెగిన పోగులు ముడివేసేవాళ్లం. చీరలో సగం పని మాదే. కానీ మా వంశంలో ఆడది గుంతలో అడుగు పెట్టకూడదు. మగ్గం గుంత చౌడమ్మ తల్లి కూర్చునే చోటని, ఆడది దిగితే ఆ తల్లికి ఆగ్రహం వస్తుందని చెప్పేవాళ్లు. ఆ తల్లి కూడా ఆడదేనన్న సంగతి ఈ నియమం పెట్టినవాళ్లకు తట్టలేదు.

చౌడమ్మ గుడి మా వీధి చివరే. నలుగురు కూర్చుంటే నిండిపోయే గుడి, నడుమెత్తు నల్లరాతి విగ్రహం. మా నాయన అక్కడ పూజారి కాడు, నేతగాడే. కానీ అమ్మవారిని పూవు అడిగే హక్కు మా వంశానిది. ఇళ్లల్లో తేల్చుకోలేని విషయం ఏదైనా వస్తే, పిల్లను ఆ సంబంధానికి ఇవ్వాలా, బావి ఫలానా చోట తవ్వాలా, జబ్బుమనిషి లేస్తాడా అని, జనం మంగళవారం పొద్దున వచ్చేవాళ్లు. నాయన స్నానం చేసి, రెండు గన్నేరు పూలు నీళ్లలో ముంచి, అమ్మవారి రెండు భుజాల మీద చెరొకటి అంటించేవాడు. తడికి పూవు రాతిని పట్టుకుని ఉంటుంది. అప్పుడు వచ్చినవాళ్ల ప్రశ్నను గట్టిగా అడిగి వెనక్కి జరిగి కూర్చునేవాడు. అమ్మవారి కుడి భుజం మీది పూవు ముందు రాలితే ఔనని, ఎడమది ముందు రాలితే కాదని.

ఈ పనిలో నాయన మోసం చేశాడని ఎవరైనా అంటే ఇప్పటికీ నేను ఊరుకోను. రెండు పూలూ ఒక్క తీరుగా ఉండాలని చెట్టు దగ్గర ఎంతసేపు నిలబడేవాడో నాకు తెలుసు. తొడిమలు గిల్లి, అరచేతుల్లో పెట్టుకుని బరువు చూసేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆయనకు ఉన్న కట్టుబాటు ఒకటే, అడగవచ్చినవాళ్లకు లేదనకూడదు. దూదేకుల ముసలాయన వచ్చి కూతురి పురుడు గురించి అడిగించుకున్నాడు. ఆదివారం చర్చికి పోయే కూలామె ఒకామె మంగళవారం మా గుడి బయట ఎండలో నిలబడి, సుగ్గికని కోత పనులకు దూరం పోయిన మొగుడు దసరా లోపల తిరిగి వస్తాడా అని అడిగింది. ఆమెను లోపలికి రానివ్వని రోజులవి. ఆ కట్టుబాటును నాయన ఎదిరించలేదు, అందుకు నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. కానీ ఆమె ప్రశ్నను మాత్రం ఒక్క మాట తప్పకుండా లోపలికి మోసుకుపోయాడు.

పెళ్లికి ముందు ఆ గుడి ఊడ్చేదాన్ని నేనే. రాలిన పూలు ఏరేదాన్ని కూడా నేనే. కుడి పక్క రాలిన పూవు అంచులు ముడుచుకుని పొడిగా, కొంచెం వెచ్చగా ఉండేది. ఎడమ పక్కది చాలాసేపటికి పడేది, పడినా తడి తడిగానే ఉండేది. అమ్మవారికి ఎడమ వైపు అభిషేకం నీళ్లు పోయే తూము ఉంది కాబట్టి అక్కడ ఏమీ పెట్టడానికి వీల్లేదు. కుడి వైపు ఆమె భుజం ఎత్తున ఇనుప దీపపుసెమ్మె నిలబెట్టి ఉండేది, మా ముత్తాత పెట్టించింది. మంగళవారం దానిలో అయిదు వత్తులు వెలిగేవి. పదిసార్లు అడిగితే ఎనిమిది తొమ్మిది సార్లు అమ్మవారు ఔననే అనేది. దేవనకొండ నుంచి, గూడూరు నుంచి కూడా బండ్లు కట్టుకుని జనం వచ్చేవాళ్లు. మా అమ్మవారు చాలా దయగల తల్లి అని ఆ చుట్టుపక్కలంతా పేరు.

అప్పట్లో నాకు ఏమీ తోచలేదని చెబితే అబద్ధమవుతుంది. తోచింది. పెద్దలు కూర్చుని దేవుడి మాట వింటున్న చోట చీపురు పట్టుకున్న ఆడపిల్ల నోరెత్తి దీపం గురించి మాట్లాడుతుందా? మింగేశాను. ఆ మింగిన మాట తరువాత నా కొంప ముంచింది.

పదిహేనేళ్లకు నన్ను ఆదోనికి ఇచ్చారు. మా ఆయన పత్తి మండీలో గుమాస్తా. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమ్మల మీద, చెవుల మీద దూది పోగులు ఉండేవి. ఆయన గడప దగ్గర కళ్లు మూసుకుని నిలబడితే నేను ఒక్కొక్కటి ఏరేదాన్ని. అంత మంచి పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు. నాలుగేళ్లు కాపురం చేశాం. బిడ్డలు లేరు. ఇంట్లో పెత్తనం మా బావది, అంటే మా ఆయన అన్నగారిది. ఆ పైన మా అత్త.

నాలుగో ఏడు ఆయనకు విషజ్వరం తగిలింది. పది రోజులైనా తగ్గలేదు. చూస్తున్న డాక్టరు ఇక ఇక్కడ పెట్టుకోవద్దు, బళ్లారి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆదోనిలో రైలెక్కితే పోవచ్చు. మా బావ తేల్చుకోలేకపోయాడు. ఇట్లాంటప్పుడు చౌడమ్మను అడగడం కంటే గొప్ప దారి ఏముంది, అందులోనూ కోడలి పుట్టింటిదే ఆ హక్కు అని ఎమ్మిగనూరుకు మనిషిని పంపాడు. ఆ మంగళవారం నాయన పూవు అడిగాడు. కుడి పూవు చిటికెలో రాలింది. నాయన ఆ పూవును ఆకులో చుట్టి, అల్లుడికి ఏమీ కాదు, అమ్మ మాటిచ్చింది అని చెప్పి బస్సులో పంపాడు.

బావ ఆ పూవును మా ఆయన దిండు కింద పెట్టి, బళ్లారి ప్రయాణం మానేశాడు. అమ్మ మాటిచ్చిన తరువాత ఆసుపత్రికి ఎత్తుకుపోతే అమ్మను నమ్మనట్లవుతుందని అన్నాడు. నేను రెండుసార్లు అడిగాను, పోదాం బావా అని. మీ నాయన మాట మీద నీకే నమ్మకం లేదా అన్నాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది. ఇనుప దీపపుసెమ్మె అంత ఎత్తున ఉంది. చెప్పలేకపోయాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన పోయాడు.

ఆ తరువాత జరిగింది వింటే మీకు నవ్వొస్తుంది. నాకు రాలేదు. అమ్మవారు అబద్ధం చెప్పదు. మా నాయన తప్పు చేయడు. మా బావ నమ్మకంతో ఉన్నాడు కాబట్టి అతనిదీ తప్పు కాదు. ఇందరినీ తీసేస్తే మిగిలింది నేను. మా అత్త ఆలోచించి ఆలోచించి కనిపెట్టింది, నేను ముట్టులో ఉండి ఆ పూవును తాకానని, మైల తగిలి అమ్మ మాట వెనక్కి తీసుకుందని. ఆ రోజులు అవి కావని నాకు తెలుసు, నా ఒళ్లు నాకు తెలియదా. చెప్పాను. ఎవరూ వినలేదు. పదకొండో రోజుకు నాయన వచ్చినప్పుడు ఆయన ముందే ఆ మాట అన్నారు. నాయన ఔననలేదు, కాదనలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. మొగుడు పోయినప్పుడు ఏడ్చాను గానీ, నాయన అట్లా తల వంచినప్పుడు మాత్రం కడుపు మండింది.

ఎమ్మిగనూరు చేరాను. అప్పటికి మా అన్న షోలాపూరు మిల్లుకు వెళ్లిపోయాడు. నాయనకు మోకాళ్లు పట్టేసి గుంతలో కూర్చోలేకపోతున్నాడు. అన్న సగం నేసి వదిలిన పడుగు మగ్గం మీద అట్లాగే ఉంది, దాని మీద పాత దుప్పటి కప్పి పెట్టారు. నేను పక్కిళ్లకు కండెలు చుట్టి పెడుతూ ఉండేదాన్ని. ఒక మంగళవారం నాయన గుడికి పోయాక దుప్పటి తీశాను. గుంతలోకి దిగాను. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి కాళ్లకు ఏది తొక్కాలో తెలుసు, చేతికి మాత్రం నాడె లొంగలేదు. అమ్మ వంటింట్లో నుంచి వచ్చి చూసింది. అమ్మ పోయి గడప మీద వీధి వైపు తిరిగి కూర్చుంది, ఎవరైనా వస్తే తెలిసేటట్లు. ఆ తరువాత ప్రతి మంగళవారం జానెడు జానెడు నేస్తూ వచ్చాను. నా మీద ఏ ఆగ్రహమూ పడలేదు. పిక్కలు నొప్పి పుట్టాయి, అంతే.

మూడు నెలలు అట్లా గడిచాక ఆదోని నుంచి మా బావ వచ్చాడు. అత్త మంచాన పడిందని, తన భార్యకు మళ్లీ నెలలు నిండుతున్నాయని, ఇంట్లో చేసే దిక్కు లేదని చెప్పాడు. మా ఇంటి మనిషి మా ఇంట్లోనే ఉండాలి, పంపండి మామా అన్నాడు. మర్యాదగానే అడిగాడు. పోతే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్లు కనిపించింది. చచ్చేదాకా ఆ పొయ్యి ముందు, మైల తాకి మొగుణ్ణి మింగినదనే మాట వింటూ, ఎవరో పెట్టింది తింటూ. నేను పోనని నాయనతో చెప్పాను. నాయన నన్ను తిట్టలేదు. ఆయనకు నన్ను పంపాలనీ లేదు, పంపకుండా ఆపే ధైర్యమూ లేదు. మంగళవారం అమ్మను అడుగుదాం అన్నాడు. బావ అందుకు ఒప్పుకుని, ఊళ్లో చుట్టాలింట్లో దిగాడు.

మంగళవారానికి నాలుగు రోజులు. ప్రశ్న ఏమిటో తెలుసు, పంపమంటావా తల్లీ అని. జవాబు ఏమిటో కూడా నాకు తెలుసు, సెమ్మె కుడి పక్కన ఉన్నంతకాలం. నాయనకు దీపం సంగతి చెప్పేస్తే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. నలభై ఏళ్లుగా ఎన్ని ఇళ్ల మంచీ చెడ్డా ఆ భుజాల మీద పెట్టి అడిగిన మనిషి ఆయన. ఆ మాట నా నోటితో చెప్పి ఆయన్ని నిలువునా కూల్చేయడానికి మనసు రాలేదు. అట్లాగని నా బతుకు ఇచ్చేయడానికీ మనసు రాలేదు. నాలుగు రోజులు రాట్నం తిప్పుతూ ఇదే ఆలోచించాను. చివరికి ఒక దారి దొరికింది. నాయనను తప్పు పట్టే పని లేదు. ఆయన కట్టుబాటునే ఆయన ముందు పెడతాను.

మంగళవారం గుడి నిండింది. కులపెద్దలు ముగ్గురు, మా బావ, మా అమ్మ, వీధిలో పనిలేని ఆడవాళ్లందరూ. నాయన పూలు అంటించి, ఈ పిల్లను ఆదోనికి పంపమంటావా తల్లీ అని అడిగాడు. అయిదు వత్తులు ఎప్పటిలాగే మండుతున్నాయి. ఎంతోసేపు పట్టలేదు. కుడి పూవు రాలింది. బావ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, సాయంత్రం బస్సుకు తయారుగా ఉండమని మా అమ్మతో చెప్పాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"నాయనా, ఇంగొకసారి అడుగు."

"ఒక మాటకు ఒకసారే పాపా," అన్నాడు నాయన.

"ఇది ఆ మాట గాదు. ఆయప్ప మాట నువ్వు అడిగినావు. ఇప్పుడు నా మాట అడుగు. ఈడనే ఉండి నీ మగ్గంలో కూర్చుని నేస్తాను, ఔనా కాదా అని అడుగు."

గుడిలో గోల లేచింది. ఆడది మగ్గంలోనా అని ఒకరు, మొగుడు పోయినది గుంతలో దిగితే వీధి వీధంతా నాశనమని ఒకరు. మూడు నెలలుగా మంగళవారం మంగళవారం దిగుతున్నాననీ, అమ్మవారు ఇక్కడ కూర్చున్నా గుంతలో కూర్చున్నా నన్ను ఒక్క మాట అనలేదనీ గట్టిగానే చెప్పాను. ఆ మాటకు పెద్దలు నోళ్లు తెరిచారు. నాయన మాత్రం తెరవలేదు. పోగు తడిమి నేత ఎవరిదో చెప్పగల మనిషికి, సొంత ఇంట్లో మగ్గం మీద బట్ట పెరుగుతున్నది తెలియకుండా ఉంటుందా. అప్పుడు అర్థమైంది నాకు, ఆయనకు ఎప్పుడో తెలుసునని.

బావకు కోపం వచ్చింది. దేవుడికి పరీక్ష పెట్టే మనిషిని మా గడప తొక్కనివ్వమని అన్నాడు. అంతకంటే కావలసిందేముంది, ఆ మాట మీద నిలబడు బావా, ఈ గొడవ ఇక్కడితో తెగిపోతుంది అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నేను నాయన వైపు తిరిగాను. "అడగొచ్చినోళ్లకు లేదనవు గదా నాయనా. దూదేకుల తాతకు అడిగినావు. చర్చికి పోయే ఆయమ్మకు అడిగినావు. నేనూ అడగొచ్చినదాన్నే."

పెద్దల్లో ఒకాయన, అడగొద్దు, ఇది తప్పు అని హెచ్చరించాడు. నాయన ఆయన వైపు తిరగకుండానే, లేదనేది తనకు తన తాత నేర్పలేదని చెప్పి, బుట్టలోంచి ఇంకో రెండు పూలు తీశాడు. ఎప్పటిలాగే అరచేతుల్లో బరువు చూశాడు. నీళ్లలో ముంచి, అంటించి, నేను చెప్పిన మాటను ఒక్క ముక్క తగ్గించకుండా, ఆడబిడ్డ అనే మాట, మగ్గం అనే మాట రెండూ కలిపి అడిగాడు. వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

నాకు భయం వేయలేదని చెప్పను. గాలి వీచి ఎడమది పడితే నా పని అయిపోయినట్టే. కుడి పూవు అంచు మెల్లగా రాతి మీద నుంచి లేచింది. కొంచెం వేలాడింది. రాలింది.

పొమ్మన్నది కూడా ఔనే, ఉండమన్నది కూడా ఔనే. మొదటి మాటే అమ్మ మాట అని పెద్దలు, కాదు రెండోదే అని ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. నాయన ఇవేవీ వినడం లేదు. లేచి పోయి, రాలిన కుడి పూవును చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. తరువాత ఇంతకు ముందు ఎన్నడూ చేయని పని చేశాడు. ఎడమ భుజం మీద ఇంకా అంటుకుని ఉన్న పూవును తానే తీసి రెండో చేతిలో పెట్టుకున్నాడు. ఒక చేతిలో పొడి పూవు, ఒక చేతిలో తడి పూవు. తల ఎత్తి దీపం వైపు చూశాడు. మగ్గం మీద పడుగు ఒక్కసారిగా తెగితే పోగులన్నీ ఎట్లా వదులైపోతాయో, ఆయన ముఖం అట్లా అయింది.

ఆయన్ని అప్పుడు ఆపి ఉండవచ్చు. ఏదో ఒక మాట కల్పించి పక్కకు తీసుకుపోయి ఉండవచ్చు. ఆపలేదు. దిండు కింద పూవు పెట్టుకుని పోయిన మనిషి కోసం ఆపలేదు. చూడనీ అనుకున్నాను, ఒక్కసారైనా చూడనీ.

నాయన వంగి సెమ్మెను పట్టుకున్నాడు. ఇద్దరు సాయం రాబోతే వద్దన్నాడు. మోకాళ్లు సహకరించకపోయినా, నూనె పంచె మీద ఒలుకుతున్నా, దాన్ని ఈడ్చుకుంటూ తెచ్చి అమ్మవారికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో పెట్టాడు. అమ్మవారి రెండు భుజాల మీదా ఒక్క తీరుగా వెలుతురు పడింది. అప్పుడు బావ వైపు తిరిగాడు.

"అమ్మ ఔనన్లేదప్పా, కాదన్నూ లేదు. మాట మన మీదికి ఇడిసిపెట్టింది. నా బిడ్డ యాడికీ రాదు."

బావ ఏదో అనబోయాడు. నాయన, అమ్మను అడిగేది అయిపోయింది, ఇప్పుడు చెప్పేది నేను అని మెల్లగా అన్నాడు. బావ మా ఇంట అన్నం ముట్టకుండా బస్సెక్కాడు. ఆయన పిరికివాడేమీ కాదు. ప్రతి దసరాకు దేవరగట్టుకు పోయి, ఆ కట్టెల కొట్లాటలో తల పగిలితే పసుపు బండారు అద్దుకుని నవ్వుతూ తిరిగొచ్చే మనిషి. కానీ ఆ పొద్దు గుడిలో ఉన్నంతసేపూ దీపం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కట్టె దెబ్బ కాచుకోవడం వేరు, ఆ దీపాన్ని చూడడం వేరు. రెండోదానికి మా నాయన ఒక్కడే సరిపోయాడు.

మరుసటి రోజు నుంచి నేను పట్టపగలు గుంతలోకి దిగాను. ఏమవుతుందో చూద్దామని వారం రోజులు వీధి ఆడవాళ్లు మా వాకిట్లో కాపు కాశారు. ఏమీ కాలేదు. చీర అంచు వంకర పోయింది. ఆ చీరను ఎవరికీ చూపించకుండా మా అమ్మ కట్టుకుంది.

గుడికి మాత్రం పేరు పోయింది. దీపం మధ్యలో పెట్టాక పూలు త్వరగా రాలేవి కావు. ఒక్కోసారి ఎడమది పడేది, ఒక్కోసారి ఎండెక్కినా రెండూ అట్లాగే ఉండేవి. అమ్మ దయ తగ్గిందని, ఆ పిల్ల చేసిన పాడుపని వల్లేనని అన్నారు. దేవనకొండ బండ్లు రావడం మానేశాయి. నాయన దేవుణ్ణి వదిలేశాడని కూడా అన్నారు. నేను కళ్లతో చూసింది చెబుతాను. అంతకు ముందు నాయన పూవు రాలగానే దండం పెట్టి లేచి వచ్చేవాడు. ఆ తరువాత అందరూ పోయాక కూడా అమ్మవారి ముందు ఒక్కడే కూర్చుండిపోయేవాడు. ఏమడిగేవాడో తెలియదు, పూలైతే అంటించేవాడు కాదు. ఆయన భక్తి అప్పుడు మొదలైందని నేనంటాను, ఎవరు కాదన్నా సరే. జబ్బుమనిషి గురించి ఎవరైనా వస్తే మాత్రం ముందుగా ఒక మాట చెప్పి గానీ పూవు ముంచేవాడు కాదు.

"ముందు ఆస్పత్రికి పోయి రాండప్పా. పూవు యాడికీ పోదు."

దీపం సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆయన గుంతలో కూర్చోలేడు, గుంతలో ఉండగా నేను రాట్నం దగ్గర కూర్చోలేను. అందుకని ఒకరోజు ఎవరూ చెప్పకుండానే నాయన రాట్నం ముందు కూర్చుని నాకోసం కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. అది మా వీధిలో ఏ మగవాడూ చేయని పని. పోయేవాళ్లు తొంగి చూసి నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు.

రెండు నెలలు పోయాక ఒక మధ్యాహ్నం, అమ్మ లోపల పడుకుని ఉంది. నేను నేస్తున్నాను. రాట్నం చప్పుడు ఆగింది.

"ఆ పొద్దు గూడా దీపం కుడి పక్కనే ఉన్నింది," అన్నాడు నాయన.

ఏ పొద్దని నేను అడగలేదు. నాడె చేతిలోనే ఆగిపోయింది.

"నీ మైల గాదు పాపా. నా పూవు."

ఆ మాట కోసం నేను ఆ పదకొండో రోజు నుంచీ కాచుకుని ఉన్నాను. అది వినబడిన రోజు నాయన కాళ్ల మీద పడి ఏడుస్తానని అనుకునేదాన్ని. ఏడుపు రాలేదు. దూది పోగులు ఏరించుకుంటూ గడప దగ్గర కళ్లు మూసుకుని నిలబడిన ముఖం కనిపించింది, ఒళ్లంతా కోపం ఎక్కింది.

"బళ్లారికి రైలుండె నాయనా," అన్నాను.

"ఉండె," అన్నాడు. తల వంచలేదు ఈసారి. నా ముఖంలోకే చూస్తూ అన్నాడు.

క్షమించమని ఆయన అడగలేదు, క్షమించానని నేను చెప్పలేదు. చేతిలో ఆగిన నాడెలో నూలు అప్పటికే అయిపోయి ఉంది. నేను చేయి చాపాను. నాయన అప్పటిదాకా చుట్టిన కండెను నా చేతిలో పెట్టాడు. దాన్ని నాడెలో బిగించుకుని మళ్లీ నేయడం మొదలుపెట్టాను.